వెడల్పు మెడ ఉన్న పాత గిటారు



ధవళేశ్వరం అనగానే ఎవరికైనా ఆనకట్ట, కాటన్ దొర గుర్తొస్తారు. ఈ ఊళ్లో కూర్చుని గిటారు గురించి మాట్లాడడమేమిటని మీకు అనిపించవచ్చు. కానీ గోదావరి గౌతమి, వసిష్ఠ పాయలుగా చీలే ఇక్కడి నుంచి అంతర్వేది దాకా ఏ ఊరికైనా వెళ్లి చూడండి. ఆదివారం చర్చిలో గిటారు మోగుతుంది. కాలేజీ వార్షికోత్సవంలో మోగుతుంది. పెళ్లిలో ఆర్కెస్ట్రా పెడితే అక్కడా మోగుతుంది. గిటారు మన డెల్టాలో ఎప్పుడో ఇంటి వాద్యమైపోయింది.

అయితే గిటారు పట్టిన పిల్లల్లో చాలామంది మధ్యలోనే వదిలేస్తున్నారు. "ఒక తీగ నొక్కితే పక్క తీగ మూసుకుపోతోంది మేష్టారూ", "నా వేళ్లు లావండీ, నాకు రాదు" అంటారు. నేను ఇక్కడ పిల్లలకు గిటారు నేర్పుతుంటాను. ఆ మాట అన్న పిల్లవాడి చేతిని, వాడి చేతిలో ఉన్న గిటారును పక్కపక్కన పెట్టి చూస్తే చాలాసార్లు అసలు సంగతి బయటపడుతుంది. లోపం వేళ్లలో లేదు. ఆ గిటారు మెడ ఆ చేతికి ఇరుకు. అందుకే ఈ రోజు ఇనప తీగల గిటారుకు వెడల్పు మెడ ఎందుకు కావాలో, అలాంటి పాత గిటార్లు మన మధ్య ఎక్కడ దొరుకుతాయో, దొరికితే ఎలా చూసుకోవాలో చెబుతాను.

ముందు కొలత సంగతి. గిటారు తలకూ మెడకూ మధ్య, తీగలు గాళ్లలో కూర్చునే చిన్న పట్టీ ఒకటి ఉంటుంది. వాద్యకారులు దాన్ని నట్ అంటారు. ఎముకతోనో, ప్లాస్టిక్‌తోనో చేస్తారు. మెడ వెడల్పును కొలిచేది అక్కడే. నైలాన్ తీగలు వేసే క్లాసికల్ గిటారుకు ఆ వెడల్పు 52 మిల్లీమీటర్లు, అంటే దాదాపు రెండంగుళాలు. ఇవాళ బజారులో దొరికే మామూలు ఇనప తీగల గిటారుకు 43 మిల్లీమీటర్లు. ఈ రెంటికీ నడుమ 45 నుంచి 48 మిల్లీమీటర్ల దాకా ఉన్న మెడలు కొన్ని పాత గిటార్లకు ఉంటాయి. నేను వెడల్పు మెడ అంటున్నది వాటినే. 43 ఉన్న మెడ మీద తీగకూ తీగకూ మధ్య దూరం 7 మిల్లీమీటర్లు. 48 ఉన్న మెడ మీద 8. ఒక్క మిల్లీమీటరే కదా అని తీసిపారేయకండి. లావుపాటి వేలికొన రెండు తీగల మధ్య ఇమడడానికీ, ఇమడకపోవడానికీ తేడా ఆ ఒక్క మిల్లీమీటరే.

ఇంతకీ మెడలు ఎందుకు ఇరుకైపోయాయి? దీని వెనక ఒక చరిత్ర ఉంది. అమెరికాలో మార్టిన్ అనే గిటారు కంపెనీ 1833లో మొదలైంది. 1839లో పెన్సిల్వేనియా రాష్ట్రంలోని నాజరెత్ అనే ఊరికి చేరింది. ఆ కాలపు గిటార్లకు పన్నెండో మెట్టు, అంటే ఫ్రెట్, దగ్గర మెడ పెట్టెతో కలిసేది. మెడ వెడల్పుగా ఉండేది. తీగలు జంతువుల పేగులతో చేసినవి. 1920ల నాటికి ఇనప తీగలు స్థిరపడ్డాయి. అప్పట్లో డాన్సు బృందాల్లో బాంజో వాయించేవాళ్లు గిటారు వైపు మళ్లుతున్నారు. బాంజో మెడ సన్నంగా, పొడుగ్గా ఉంటుంది. పెర్రీ బెక్టెల్ అనే బాంజో విద్వాంసుడు తనకు సన్నని, పొడవైన మెడ ఉన్న గిటారు కావాలని అడిగితే, 1929లో మార్టిన్ వాళ్లు పద్నాలుగో మెట్టు దగ్గర మెడ కలిసే గిటారు చేసి ఇచ్చారు. ఆ తరహా అందరికీ నచ్చింది. తర్వాత పదేళ్లలో మెడ ఇంకా సన్నబడి ఇవాళ్టి 43 మిల్లీమీటర్ల దగ్గర ఆగింది.

ఇంకో కారణం కూడా ఉంది. ఆరు ఇనప తీగలు బిగిస్తే గిటారు మీద పడే లాగుడు 70 కిలోలకు పైనే. అంత లాగుడుకు కర్ర మెడ వంగిపోకూడదంటే దాన్ని లావుగానో, వెడల్పుగానో చేయాలి. గిబ్సన్ కంపెనీలో థాడియస్ మెక్‌హ్యూ 1921లో మెడ లోపల ఇనప కడ్డీ పెట్టి, మర తిప్పితే మెడ నిటారయ్యే ఏర్పాటు కనిపెట్టాడు. దాన్ని ట్రస్ రాడ్ అంటారు. ఇనప కడ్డీ ఆసరా దొరికాక కర్రను సన్నంగా చెక్కుకునే వీలు కలిగింది. మార్టిన్ వాళ్లు 1934 నుంచి మెడలో ఉక్కు పట్టీ పెట్టారు. తిప్పి సరిచేసుకునే కడ్డీ మాత్రం 1985లో గానీ పెట్టలేదు. ఈ చరిత్ర తెలిస్తే పాత గిటారు చేతికొచ్చినప్పుడు ఎక్కడ చూడాలో తెలుస్తుంది.

ఇక మన సంగీతం మాట. తీగను నొక్కి పక్కకు లాగితేనే మనకు గమకం పలుకుతుంది. వీణ దండి మీద అలా లాగడానికి కావలసినంత చోటుంటుంది. ఇరుకు మెడ గిటారు మీద తీగను లాగితే పక్క తీగకు తగులుతుంది. చివరి తీగైతే అంచు మీంచి జారిపోతుంది. కాబట్టి కీర్తన గానీ, ఒక భావగీతం గానీ గిటారు మీద పలికించాలనుకునేవాళ్లకు వెడల్పు మెడ అవసరం.

వాద్యం చేతికి అమరకపోతే వాద్యాన్నే మార్చుకున్నవాళ్లు మన గోదావరి నేల మీదే ఉన్నారు. మాండలిన్ శ్రీనివాస్ 1969 ఫిబ్రవరి 28న పాలకొల్లులో పుట్టారు. తండ్రి సత్యనారాయణగారు క్లారినెట్ విద్వాంసులు. శ్రీనివాస్‌గారికి కర్ణాటక సంగీతం నేర్పిన రుద్రరాజు సుబ్బరాజుగారికి మాండలిన్ వాయించడం వచ్చేది కాదు. ఆయన పాడితే పిల్లవాడు విని మాండలిన్ మీద పలికించేవాడు. 1978లో గుడివాడ త్యాగరాజ ఆరాధనోత్సవాల్లో తొలి కచేరీ చేశారు. పాశ్చాత్య మాండలిన్‌కు నాలుగు జతల తీగలుంటాయి. జతగా ఉన్న తీగల్ని లాగి గమకం పలికించడం చాలా కష్టం. ఆయన ఆ జతలు తీసేసి ఒంటి తీగలు పెట్టారు. మంద్రస్థాయి కోసం అయిదో తీగ చేర్చారు. విద్యుత్ మాండలిన్ వాడి నాదం నిలిచేలా చేసుకున్నారు. వాద్యం ఎక్కడిదైతేనేం, పాట మనదే పలికింది.

సరిగ్గా ఇలాంటి పనే ఇనప తీగల గిటారు మీద చేసినాయన ఇంగ్లండుకు చెందిన జాన్ మెక్‌లాఫ్లిన్. 1970లలో ఆయన ఎల్. శంకర్, జాకిర్ హుస్సేన్, విక్కు వినాయకరామ్‌లతో కలిసి శక్తి అనే బృందం నడిపారు. గమకాలు పలికించడం కోసం గిబ్సన్ గిటారును ప్రత్యేకంగా మార్పించుకున్నారు. మెట్ల మధ్య కర్రను గుంటలుగా చెక్కించారు. తీగను కిందికి నొక్కినా, పక్కకు లాగినా స్వరం ఊగేలా చేసుకున్నారు. పెట్టె మీద అడ్డంగా మరికొన్ని తీగలు వేయించి శ్రుతి తీగల్లా మీటుకున్నారు. తర్వాతి కాలంలో అదే మెక్‌లాఫ్లిన్ పక్కన, రిమెంబర్ శక్తి బృందంలో మన పాలకొల్లు శ్రీనివాస్‌గారు మాండలిన్ వాయించారు. ఇద్దరూ వాద్యాన్ని తమ చేతికీ, తమ సంగీతానికీ తగ్గట్టు మార్చుకున్నారు. మనమందరం అలా ప్రత్యేకంగా చేయించుకోలేం. కానీ తగిన కొలత ఉన్నదాన్ని వెతుక్కోగలం.

మరి ఎక్కడ వెతకాలి? 1991 ఆర్థిక సంస్కరణలకు ముందు విదేశీ వాద్యం తెప్పించుకోవడం మామూలు మనిషి వల్ల అయ్యే పని కాదు. అప్పట్లో మన ఊళ్లలోని గిటార్లలో చాలా వాటిది కలకత్తా పుట్టుక. గివ్‌సన్ పేరు మీలో చాలామంది వినే ఉంటారు, అది కలకత్తాదే. కలకత్తాకు గిటారు పిచ్చి పట్టించిన వాళ్లలో హవాయి దీవుల సంగీతకారుడు టౌ మో ఒకరు. 1940లలో ఆయన కుటుంబం కలకత్తాలో ఉండి హవాయి పద్ధతిలో గిటారు నేర్పింది. గిటారును ఒళ్లో వెల్లకిలా పడుకోబెట్టి, ఇనప కడ్డీతో తీగల మీద జరుపుతూ వాయించే పద్ధతి అది. సినిమా పాటల్ని ఆ గిటారు మీద వాయించిన సునీల్ గంగూలీ, వాన్ షిప్లీ రికార్డులు రేడియోలో విన్న పెద్దలు ఈ ప్రసంగం వింటున్నవాళ్లలోనూ ఉంటారు. బ్రిజ్‌భూషణ్ కాబ్రా ఆ పద్ధతిని హిందుస్తానీ సంగీతంలోకి తెచ్చారు. 1967లో వచ్చిన కాల్ ఆఫ్ ద వ్యాలీ రికార్డులో వినిపించే గిటారు ఆయనదే.

హవాయి పద్ధతికి తీగలు దూరదూరంగా, ఎత్తుగా ఉండాలి. అందుకే ఆ రోజుల గిటార్లలో కొన్నింటికి మెడ వెడల్పుగా ఉండేది. ఇలాంటిది ఒకటి ధవళేశ్వరంలోనే నా కంటపడింది. తూర్పు డెల్టా కాలువ గట్టు పక్కన ఒక పాత పెంకుటిల్లు. అటక మీద సామాను దింపుతుంటే గుడ్డసంచిలో గిటారు బయటపడిందని కబురు వస్తే వెళ్లాను. పేరు కాగితం చిరిగిపోయింది. తీగలు తుప్పు పట్టాయి. నట్ మీద తీగల్ని పైకెత్తే ఇనప తొడుగు ఒకటి బిగించి ఉంది.

"ఇది ఎవరు వాయించేవారండీ మామ్మగారూ?" అని అడిగాను.

"ఆయ్, మా మావగారు బాబూ. ఒళ్లో పడుకోబెట్టుకుని ఇనప ముక్కతో రాసేవారు. రేడియోలో పాట రావడం ఆలస్యం, ఈయన అందుకునేవారు" అన్నారావిడ.

ఆ ఇనప తొడుగు తీసి చూస్తే కింద అసలు నట్ ఉంది. ఎముకతో చేసింది, వయసుకు పసుపెక్కింది. స్కేలు పెడితే 48 మిల్లీమీటర్లు. పన్నెండో మెట్టు దగ్గర మెడ పెట్టెతో కలుస్తోంది. పెట్టె మీద తీగల చివరలు పట్టి ఉంచే బ్రిడ్జికి, తీగల్ని బిగించే మేకులున్నాయి. అంటే పుట్టుకతోనే ఇనప తీగల గిటారు. ఇక మెట్ల సంగతి. ఏళ్ల తరబడి వాయించిన గిటారు మెట్ల మీద తీగలు కోసిన గాట్లు కనిపిస్తాయి. దీని మీద ఒక్క గాటు లేదు. హవాయి పద్ధతిలో తీగను మెట్టుకు ఆనించి నొక్కరు కదా, కడ్డీ తీగ మీదనే జరుగుతుంది. అన్నేళ్లు మోగిన వాద్యానికి మెట్లు మాత్రం కొత్తగా మిగిలాయి.

అయితే ఆ గిటారులో పాడైనవీ ఉన్నాయి. బ్రిడ్జి వెనక భాగం లేచిపోయింది. లోపల పై పలకకు ఆసరాగా అతికించిన బద్దీల్లో ఒకటి ఊడింది. మన ఊళ్లో వానాకాలం తేమకు కర్ర ఉబ్బుతుంది, రోహిణీ కార్తె ఎండకు కుంచించుకుపోతుంది. ఏటా ఆ రెండూ పడి అతుకులు వదులవుతాయి. వీణలు బాగుచేసే పనివాడి దగ్గరికి తీసుకెళ్లాను. అతను లేచిన బ్రిడ్జిని వేడి కత్తితో నెమ్మదిగా విప్పాడు. "దీనికి ఫెవికాల్ పెట్టొద్దు మేష్టారూ. వజ్రం జిగురు కాచి పెడతాను. రేపెప్పుడైనా మళ్లీ విప్పాల్సొస్తే వేడికి వదులుతుంది, కర్ర చెడదు" అన్నాడు. ఇంట్లోవాళ్ల ఇష్టంతోనే ఆ గిటారు ఇప్పుడు నా దగ్గర నేర్చుకునే పిల్లల చేతుల్లో ఉంది. "నా వేళ్లు లావండీ" అన్న కుర్రాడే ఇవాళ దాని మీద మోహన రాగం పలికిస్తున్నాడు.

మీకు అలాంటిది దొరికితే పేరు చూసి మురిసిపోకండి, పేరు లేదని పారేయకండి. ముందు నట్ దగ్గర స్కేలు పెట్టండి. తర్వాత బ్రిడ్జి చూడండి. తీగలకు మేకులుంటే ఇనప తీగలకు చేసింది. తీగల్ని ముడివేసే రంధ్రాలుంటే నైలాన్ తీగలకు చేసింది. బ్రిడ్జి వెనక సందులోకి పల్చని కాగితం దూరితే అతుకు వదులైందన్నమాట. పెట్టెను వేలితో అక్కడక్కడ తట్టండి. గలగలమంటే లోపల బద్దీ ఊడింది. మెడ నిటారుగా ఉందో లేదో తెలియాలంటే ఒక తీగను మొదటి మెట్టు దగ్గరా, పద్నాలుగో మెట్టు దగ్గరా ఒకేసారి నొక్కి, మధ్యలో ఏడో మెట్టు మీద సందు చూడండి. వెంట్రుక వాసి సందుంటే మంచిదే. చీపురుపుల్ల దూరిందంటే మెడ వంగిందని అర్థం. పన్నెండో మెట్టు మీద తీగ ఎత్తు మూడు మిల్లీమీటర్ల లోపు ఉంటే వేళ్లకు సుఖం. ట్రస్ రాడ్ లేని పాత మెడకు సన్న తీగలే వేయండి. శ్రుతి అర స్వరం తగ్గించి పెట్టుకున్నా తప్పులేదు.

ఒక హెచ్చరిక. వెడల్పు మెడ కావాలని క్లాసికల్ గిటారు కొని దానికి ఇనప తీగలు బిగించేవాళ్లున్నారు. దయచేసి ఆ పని చేయకండి. నైలాన్ తీగల లాగుడు 40 కిలోలే. దానికి తగ్గ పల్చని పలకతో చేసిన పెట్టె 70 కిలోల లాగుడుకు ఉబ్బిపోతుంది, బ్రిడ్జి ఊడి వస్తుంది. దానికి బదులు ఇంకో దారి ఉంది. పన్నెండు తీగల గిటారుకు మెడ 48 మిల్లీమీటర్ల దగ్గర ఉంటుంది. పాతది ఏదైనా దొరికితే నట్ మార్పించి ఆరు తీగలే వేసుకోండి. వంద కిలోలకు పైగా లాగుడు ఓర్చుకునేలా చేసిన మెడ కాబట్టి ఆరు తీగల లాగుడు దానికి ఒక లెక్క కాదు. పైగా అలాంటివి ఎవరూ పెద్దగా అడగరు, అందుబాటు ధరకే రావచ్చు.

కర్ర గురించి ఒక్క మాట. గిటారు పెట్టె పక్కలకూ, వెనక పలకకూ ప్రపంచమంతా మెచ్చుకునే కర్రల్లో మన జిట్టేగి, అంటే భారతీయ రోజ్‌వుడ్, ఒకటి. మార్టిన్ కంపెనీ అంతకుముందు బ్రెజిల్ రోజ్‌వుడ్ వాడేది. 1969 నుంచి భారతదేశపు జిట్టేగికి మారింది. 2017 నుంచి ఆ జాతి కర్రల అంతర్జాతీయ వ్యాపారం మీద నియంత్రణలు వచ్చాయి. తయారైన వాద్యాలకు 2019లో సడలింపు ఇచ్చారు. చెట్టు పెరగడానికి పట్టే కాలం తలుచుకుంటే, ఉన్న పాత వాద్యాన్ని బాగుచేసుకోవడం ఎంత విలువైన పనో తెలుస్తుంది. పైగా వాయించినకొద్దీ పలక పలుకు తేరుతుందన్నది వాద్యకారులంతా అనుభవంతో చెప్పే మాట.

అందుకే శ్రోతలకు నా మనవి ఇది. మీ అటక మీదో, చర్చి గదిలోనో, తాతగారి పెట్టె వెనకో ఒక పాత గిటారు ఉండి ఉండవచ్చు. గల్ఫ్ నుంచి ఎవరో తెచ్చింది కావచ్చు, కలకత్తా నుంచి వచ్చింది కావచ్చు. దాన్ని కిందికి దించండి. ముందు తీగలు వదులు చేయండి. చెద పట్టిందేమో చూడండి. పాత సామాను బండికి వేయకుండా, వాద్యాలు బాగుచేయడం తెలిసిన పనివాడికి చూపించండి. పిల్లలకు గిటారు కొనే తల్లిదండ్రులకు కూడా ఇదే చెబుతున్నాను. దుకాణానికి వెళ్లేటప్పుడు పిల్లవాణ్ని వెంట తీసుకెళ్లండి, జేబులో ఒక స్కేలు పెట్టుకోండి. రంగు, పేరు తర్వాత. ముందు మెడ ఆ చేతికి అమరిందా లేదా చూడండి. అమరితే ఆ పిల్లవాడు గిటారు వదిలిపెట్టడు.